ఏడో ఖాతా

ఉప్పల్‌లో హన్మకొండ బస్సెక్కేటప్పుడు అన్నీ సర్దుకున్నాననే అనుకున్నాను. రెండు ఎక్స్‌టెన్షన్ బాక్సులు, ఒక డాంగిల్, తెలుగు టైపింగు చూపించే కాగితాలు ముప్పై. భువనగిరి గుట్ట దాటాక కునుకు పట్టింది. జనగామలో మెలకువ వచ్చేసరికి రోడ్డు పక్కన తంగేడు విరగబూసి ఉంది. బతుకమ్మకు ఇంకా పది రోజులు. నేను మర్చిపోయిందేమిటో మర్నాడు పొద్దున క్లాసులో గానీ తెలియలేదు.

ఏడేళ్లుగా తెలుగు వికీపీడియాలో రాస్తున్నాను. రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక, పదింటి నుంచి పదకొండున్నర దాకా. హన్మకొండలో ఒక డిగ్రీ కాలేజీలో చదువుతున్న అమ్మాయిలకు ఒకరోజు నేర్పాలని పిలిస్తే వెళ్లాను. పదింటికి మొదలవ్వాల్సింది పదకొండైంది. సగం మంది ఊళ్ల నుంచి బస్సుల్లో రావాలి, నాలుగున్నరకల్లా మళ్లీ బస్టాండులో ఉండాలి. ఆడవాళ్లు ఎందుకు రాయరని పెద్ద పెద్ద కారణాలు వెతుకుతారు గానీ, ఈ నాలుగున్నర బస్సు సంగతి ఎవరూ ఎత్తరు.

2011లో వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ సర్వే చేస్తే, రాసేవాళ్లలో ఆడవాళ్లు నూటికి పదిమంది కూడా తేలలేదని చెప్పాను. అమ్మాయిలు పెద్దగా చలించలేదు. డోనా స్ట్రిక్‌లాండ్ కథకు మాత్రం చెవులు నిక్కబొడుచుకున్నాయి. 2018 అక్టోబరు 2న ఆమెకు భౌతికశాస్త్రంలో నోబెల్ ప్రకటించేనాటికి ఇంగ్లీషు వికీపీడియాలో ఆమె గురించి వ్యాసమే లేదు. అదే ఏడాది ఎవరో రాసి పంపితే, మూలాలు, అంటే ఆధారాలు, సరిపోవని వెనక్కి పంపారు. "మరి నోబెల్ వచ్చేదాక ఆగాల్నా మేడమ్?" అంది వెనక బెంచీ అమ్మాయి. అందరూ నవ్వారు. నాకు జవాబు తోచలేదు.

తర్వాత ఖాతాలు తెరవడం. ఫోన్ నంబరు ఇవ్వాలా? అక్కర్లేదు. ఫోటో? అక్కర్లేదు. ఈమెయిలు? ఇష్టమైతేనే, మరీ పాస్‌వర్డ్ మర్చిపోతే పనికొస్తుంది. అసలు పేరు? ఏ పేరైనా పెట్టుకోవచ్చు. ఈ నాలుగు జవాబులయ్యాక క్లాసులో గాలి మారింది. ఆరుగురికి చకచకా అయిపోయాయి.

"ఏడో ఖాతా అయితలేదు మేడమ్."

అప్పుడు గుర్తొచ్చింది. ఒకే నెట్ కనెక్షన్ నుంచి రోజుకు ఆరు కొత్త ఖాతాలే తెరవనిస్తుంది వికీపీడియా. దొంగ ఖాతాలు గుంపులుగా పుట్టకుండా ఆ కట్టడి. శిక్షణ పెట్టుకునేవాళ్లు ముందే అడిగితే సడలిస్తారు. నేను అడగడం మర్చిపోయాను. ఏడేళ్ల అనుభవం! మిగతావాళ్లు తలా ఒక ఫోన్ నెట్ మీద తెరుచుకున్నారు. ఆ ఏడో అమ్మాయికి డేటా అయిపోయింది. పక్కవాళ్లు హాట్‌స్పాట్ ఇస్తామన్నా, రేపు చేసుకుంటానంది. నెట్ ఒక్కటే కారణం కాదని మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు తెలిసింది. వాళ్ల తమ్ముడి పేరుతో తెరుద్దామనుకుందట. "మొగపేరైతే ఎవ్వరు కొట్లాడరు గద మేడమ్."

నేనేమీ అనలేదు. నా మొదటి వ్యాసానికి తొలగింపు మూస, అంటే దీన్ని తీసేయాలనే నోటీసు, పడ్డప్పుడు మూడు వారాలు ఆ పేజీ వైపే వెళ్లలేదు. తప్పు నాదే, పేపర్లోంచి మక్కీకి మక్కీ దించేశాను. అయినా ముక్కూమొహం తెలియనివాళ్లు నలుగురిలో తప్పు పట్టడం వేరు.

సాయంత్రం హాస్టల్ పిల్లలతో వేయిస్తంభాల గుడికి వెళ్లాను. పొద్దున ఒకమ్మాయి ప్రయోగశాల పేజీలో, అంటే రాసి చూసుకునే అభ్యాస పేజీలో, ఈ గుడి రుద్రమదేవి కట్టించిందని రాసింది. అక్కడి శాసనం 1163 నాటిది, కట్టించింది కాకతీయ రాజు రుద్రదేవుడు, రుద్రమ నూరేళ్ల తర్వాతి మనిషి అని చెప్పాను. తికమకకు కారణం లేకపోలేదు. శాసనాల్లో రుద్రమను కూడా రుద్రదేవ మహారాజు అనే అంటారు. ఏడో అమ్మాయి నా వైపు చూసింది. "రాణి గూడ మొగపేరే పెట్టుకున్నదా?" నేను నవ్వాపుకోలేకపోయాను. రుద్రమ చనిపోయిన సంగతి మాత్రం నల్గొండ జిల్లా చందుపట్లలో పువ్వుల ముమ్మడి అనే బంటు 1289లో వేయించిన శాసనం వల్లే తెలిసిందని చెప్పాను. ఆమె శివలోకానికి వెళ్లిందని, ఆమె పుణ్యం కోసం భూమి ఇస్తున్నానని రాయించాడు. మూలం అంటే ఏమిటో పొద్దున గంటసేపు చెప్పినా ఎక్కనిది ఇక్కడ ఎక్కింది.

ఆదివారం ఐదుగురం రామప్పకు బయల్దేరాం. ములుగు బస్సులో ఒకమ్మాయి డబ్బా తెరిచింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, శనగపప్పు, ఉల్లికాడలు కలిపి, సర్వ అనే గిన్నె అడుగున వేళ్లతో ఒత్తి కాల్చిన రొట్టె. సర్వప్ప అని ఆమె, గిన్నప్ప అని ఇంకొకామె, మా దగ్గర తపాలచెక్క అంటారని మూడో ఆమె. ములుగు వచ్చేదాకా అదే గొడవ. మధ్యలో వేళ్లతో చిల్లులు ఎన్ని పెట్టాలి, నూనె ఎప్పుడు పొయ్యాలి, మాడకుండా మూత ఎంతసేపు ఉంచాలి. నేను ఫోన్ తీసి టైపు చేస్తుంటే ఆగిపోయారు.

"గిది గూడ రాస్తరా మేడమ్?"

ఎందుకు రాయరు? పిండి ఒత్తేవాళ్లు రాయకపోతే, తినేవాళ్లు రాసిన రెండు వాక్యాలే మిగులుతాయి. కానీ ఈ ఉత్సాహానికి అడ్డం కూడా వెంటనే వచ్చింది. "మా అమ్మమ్మకు నలభై బతుకమ్మ పాటలొస్తయ్. ఏ పుస్తకంల లేవు. పెట్టొచ్చా?" వికీపీడియా వ్యాసానికి ప్రచురితమైన ఆధారం కావాలి. అమ్మమ్మ నోరు ఆధారం కాదు. ఈ నియమం ఎందుకుందో నాకు తెలుసు, అది లేకపోతే ఎవరికి తోచింది వాళ్లు రాసేస్తారు. కానీ ఆడవాళ్లకు తెలిసినదాంట్లో ఎంత భాగం అచ్చుకెక్కిందని? నియమాన్ని సమర్థించడానికి నోరు రాలేదు. దారి మాత్రం ఒకటుంది. తరతరాల పాటకు కాపీరైటు ఎవరిదీ కాదు, అమ్మమ్మ ఒప్పుకుంటే ఆమె గొంతు రికార్డు చేసి, వికీపీడియాకు ఫోటోలు, ఆడియోలు దాచే కామన్స్‌లో ఎక్కించవచ్చు. పూల పేర్లు వికీ నిఘంటువైన విక్షనరీలో చేర్చవచ్చు. గునుగు, కట్ల, బీర, గుమ్మడి అని అప్పుడే వేళ్లు మడుస్తోంది.

జంగాలపల్లి దగ్గర దిగి ఆటోలో పాలంపేట. 1213లో కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో జాబితాకెక్కింది. వర్ణనలు చాలామంది చేశారు, నేను మానేస్తాను. నల్లరాతి మదనికల్లో, అంటే స్త్రీ శిల్పాల్లో, ఒకామె ఎత్తు మడమల చెప్పులు చూసి పిల్లలు చాలాసేపు అక్కడే నిలబడ్డారు. సివిల్ డిప్లొమా చేసి డిగ్రీలో చేరిన అమ్మాయి, గుడి పునాదిలో ఇసుక నింపారని, భూమి కదిలినా ఆ ఇసుక సర్దుకుంటుందని చెప్పింది. వికీపీడియాలో మనం ప్రయోగశాల అనే పేజీని ఇంగ్లీషులో ఇసుక పెట్టె అనే అంటారని చెప్తే, "అంటే పడ్డా దెబ్బ తగలదు" అంది తనే.

ఏడో అమ్మాయి గుడి వెనక మెట్ల మీద కూర్చుని, పొద్దున వేయించుకున్న డేటాతో ఖాతా తెరిచింది. తమ్ముడి పేరు కాదు, పూల పేరు పెట్టుకుంది. వాళ్ల ఊరి పేజీ తెరిచి చెరువు గురించి ఒక వాక్యం రాసి, ప్రచురించు నొక్కేముందు నా మొహం చూసింది. నేను కావాలనే మదనికల వైపు తిరిగాను.

తిరుగు బస్సు జనగామ దాటాక ఫోన్ మోగింది. "మేడమ్, ఎవరో నా వాక్యం మార్చిండ్రు." నా గుండె జారింది. గబగబా తెరిచి చూస్తే వాక్యం అట్లాగే ఉంది, ఎవరో ఊరి పేరులో ఒక అక్షరం సరిచేశారంతే. భయపడకు, మంచికే చేశారు అన్నాను.

"భయం కాదు మేడమ్. ఆళ్లు పెట్టిందే తప్పు. మా ఊరి పేరు అట్ల రాయరు."

చర్చా పేజీలో అడుగు, ఆధారం చూపించు అన్నాను. ఆలేరు దగ్గర ఫోన్‌లో ఒక ఫోటో వచ్చి పడింది. చీకట్లో ఫ్లాష్ వేసి తీసిన పంచాయతీ ఆఫీసు బోర్డు.