మీ ముందర పెట్టినవి తినుడి

లూకా సువార్త పదో అధ్యాయంలో ప్రభువు డెబ్బదిమందిని ఇద్దరిద్దరిగా పంపుతాడు. అందులో మన సంఘాల్లో ఎక్కువగా ప్రసంగాలకెక్కేది కోత విస్తారం, పనివారు కొద్దిమంది అన్న రెండో వచనం. పరదేశానికి మిషన్ ట్రిప్ పోయేవాళ్లకు అక్కరకొచ్చేది మాత్రం ఎనిమిదోది: "మీ ముందర పెట్టినవి తినుడి." రోగులను స్వస్థపరచమనడం, దేవుని రాజ్యం దగ్గరికొచ్చిందని చెప్పమనడం తొమ్మిదో వచనంలో గానీ రావు. ముందు వాళ్ల కంచం, ఆ తర్వాతే మన పరిచర్య.

నాలుగో వచనంలో సంచి, జాలె, చెప్పులు వద్దన్నాడు కదా, మరి సూట్‌కేసులేంటని కొందరు అడుగుతారు. ఆ ఆజ్ఞను ప్రభువే లూకా 22:36లో మార్చాడు, సంచి ఉన్నవాడు తీసుకుపొమ్మన్నాడు. కంచం ఆజ్ఞను మాత్రం ఎక్కడా మార్చలేదు. పైగా 1 కొరింథీ 10:27లో పౌలు వడ్డించింది తినమని మళ్లీ చెప్పాడు. కాబట్టి ఇరవై మూడు కిలోల పెట్టె తప్పు కాదు. తప్పు ఆ పెట్టెలో పెట్టే ఆవకాయ సీసాతో మొదలవుతుంది.

సీసా పగిలి నూనె బైబిళ్ల మీద పడడం చిన్న నష్టమే. ఆతిథ్యమిచ్చిన ఇంట్లో బల్ల మీద ఆ సీసా మూత తీయడమే పెద్దది. ఆ ఇంటి ఆడమనిషి పొద్దున్నుంచి పొయ్యి దగ్గర నిలబడి వండింది. మనం ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కారం కలుపుకుంటే, తన వంట చాలలేదన్నది ఆమెకు ఏ తర్జుమా లేకుండానే అర్థమవుతుంది. ఇక సాయంత్రం కూటంలో మనం చెప్పే ప్రేమ ఆమెకు సగమే వినబడుతుంది.

కెన్యాకు పోతే కంచంలో ఉండేది ఉగాలి. మక్కపిండిని మరిగే నీళ్లలో పోసి, కట్టెతో గట్టిపడేదాకా తిప్పి, గడ్డలా దించుతారు. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో గట్క తిని పెరిగినవాళ్లకు ఇది కొత్త కాదు, మన గట్క కన్నా గట్టిగా ఉంటుందంతే. కుడిచేత్తో చిన్న ముద్ద తుంచి, అరచేతిలో గుండ్రంగా చేసి, బొటనవేలితో మధ్యలో గుంట నొక్కి, ఆ గుంటతో సుకుమా వికీ అనే ఆకుకూరను ఎత్తుకుని తింటారు. పప్పన్నంలా పిసికి కలపొద్దు. పలుచటి పులుసు కోసం చూస్తూ కూర్చోవద్దు, అది చాలాసార్లు రాదు.

తినమన్నాడు గానీ నీళ్లు ఎక్కడివైనా తాగమని ఆ వచనంలో లేదు. కాచి చల్లార్చిన నీళ్లో, సీలు ఉన్న బాటిలో వెంట ఉంచుకోవాలి, దానికి ఎవరూ నొచ్చుకోరు. మనిషికి నాలుగైదు ఓఆర్ఎస్ ప్యాకెట్లు పెట్టుకోండి. లీటరు ప్యాకెట్టు మొత్తాన్ని లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి. గ్లాసుకు సగం ప్యాకెట్టు వేస్తే ఉప్పు ఎక్కువై విరేచనాలు తగ్గకపోగా పెరుగుతాయి. షుగర్, బీపీ మందులు డాక్టరు చీటీతో సహా చేతిసంచిలో ఉండాలి, కింద సామానులో కాదు.

కెన్యాకు పోయేవాళ్లకు కావాల్సిన ఎల్లో ఫీవర్ టీకా హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. చాలామంది ఆ దేశంవాళ్లు అడగరని వదిలేస్తారు. అడిగేది తిరిగొచ్చినప్పుడు మనవాళ్లే. కెన్యా నుంచి టీకా కార్డు లేకుండా దిగితే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు.

కాగితాల్లో ఎక్కువగా దెబ్బతీసేది పేరు. సంఘంలో పిలిచే బాప్తిస్మం పేరు ఒకటి, టెన్త్ మెమోలో ఉన్నది ఇంకొకటి. అక్కడి సంఘం పంపే ఆహ్వానపత్రంలో పాస్‌పోర్టు పేరే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. చూడ్డానికి పోతున్నామని వీసా తీసుకుని కూటాలు పెట్టడం అబద్ధమే, దానికి విశ్వాసం అని పేరు పెట్టొద్దు. నేపాల్‌కు మనకు వీసా అక్కర్లేదు గానీ, అక్కడి శిక్షాస్మృతి 158వ సెక్షన్ ప్రకారం మతం మార్పిస్తే ఐదేళ్ల దాకా జైలు, విదేశీయుడైతే ఆపైన దేశబహిష్కరణ. మనం తిరిగొచ్చాక ఆ చిక్కు అక్కడి విశ్వాసుల మెడకు చుట్టుకుంటుంది.

1903లో నెల్లూరు తెలుగు బాప్టిస్టులు జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు పంపారు. ఆయన వెతుక్కుంటూ పోయింది అక్కడి తోటల్లో కూలికి పోయిన తెలుగువాళ్లనే గనుక భాష అడ్డం రాలేదు. ఇప్పుడు పోయేవాళ్లకు తర్జుమా తప్పదు. తెలుగు నుంచి ఇంగ్లీషుకు, ఇంగ్లీషు నుంచి స్వాహిలీకి రెండుసార్లు మారితే గంట కూటంలో మన వంతు ఇరవై నిమిషాలే. మన క్రియ వాక్యం చివర వస్తుంది. పొడుగు వాక్యం ఎత్తుకుంటే అనువాదకుడు నోరు తెరిచి ఎదురుచూడాల్సిందే. ఏడెనిమిది మాటల్లో వాక్యం ముగించి ఆగాలి.

ఏడో వచనంలో ఇంటింటికి తిరగవద్దన్నాడు. వేడినీళ్లున్న ఇల్లు దొరికిందని మూడో రోజు మకాం మార్చేవాళ్ల కోసమే ఆ మాట రాసినట్టుంటుంది. మొదట దింపిన ఇల్లు ఎంత ఇరుకైనా చివరిదాకా అక్కడే ఉండాలి. ఇవ్వాలనుకున్న డబ్బు కూడా పిల్లల చేతుల్లో నోట్లుగా పెట్టొద్దు, అక్కడి పెద్దలతో మాట్లాడి వాళ్ల ద్వారానే ఇవ్వాలి.

1889లో రష్యా నుంచి బయల్దేరిన మిషనరీలు అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు నల్లగొండకు చేరిన కాలం నుంచి ఇక్కడి సంఘాలు వచ్చినవాళ్లను చేర్చుకోవడమే ఎరుగును. కంచం ముందు అతిథిగా కూర్చోవడం మనకింకా కొత్త.

తిరిగొచ్చిన ఆదివారం సాక్ష్యంలో, ప్రభువును నమ్ముకుంటామని కూటాల్లో ఎంతమంది చేతులెత్తారో చెప్పమంటారు. లూకా 22:35లో ప్రభువు అడిగింది అది కాదు, మీకు ఏమైనా తక్కువైందా అని. ఆ ప్రశ్నకు జవాబుగా అన్నం పెట్టిన ఇంటివాళ్ల పేర్లు సరిగ్గా పలుకుతూ చదవాలి, పలకడం అక్కడుండగానే నేర్చుకుని రాసుకోవాలి. మలేరియా రాకుండా డాక్టరు డాక్సీసైక్లిన్ రాసిచ్చి ఉంటే, ఆ ఆదివారానికి మాత్రలు ఇంకా నడుస్తూనే ఉండాలి. వచ్చాక నాలుగు వారాలు మింగాలి.