రంగు దూదితో నూలు వడకడం: నా అనుభవం

నూలు వడికాక రంగు వేయడమే చాలామంది చేసే పని. నాకు మాత్రం ముందు దూదికే రంగు వేసి, ఆ తర్వాత వడకాలని పట్టుదల. అలా చేస్తే ఒకే పోగులో ఎరుపూ తెలుపూ కలగలిసి కనిపిస్తాయి. వడికిన దారాన్ని రంగులో ముంచితే ఆ అందం రాదు.

మాది శ్రీకాకుళం వైపు, ఇప్పుడు ఉండేది హైదరాబాద్‌లో. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, ఒంటి కదురు (పోగుకు పురి పెట్టి చుట్టుకునే పుల్ల) రాట్నం మీద నూరో నంబరు సన్న నూలు తీసే ఆడవాళ్లను చూస్తూ పెరిగాను. నా దగ్గరున్నది పెట్టె చరఖా. 1930లో గాంధీజీ ఉన్న జైలు పేరు మీద దీన్ని ఎరవాడ చరఖా అని కూడా అంటారు.

రంగు పని నిదానంగా సాగింది. దూదికి పుట్టుకతో ఉండే మైనం పోతే గానీ రంగు పట్టదు, అందుకని ముందు వాషింగ్ సోడా నీళ్లలో ఉడికించాను. తర్వాత ఒక రాత్రి కరక్కాయ నీళ్లలో, ఇంకో రాత్రి పటిక నీళ్లలో నానబెట్టాను. చివరికి ఎర్ర రంగునిచ్చే మంజిష్ఠ వేరు నీళ్లు. ఆ నీళ్లు బాగా వేడెక్కాలి గానీ మరగకూడదు, మరిగితే ఎరుపు గోధుమ రంగులోకి దిగిపోతుంది. ఇనుప పాత్ర అసలు వద్దు, కరక్కాయకు ఇనుము తగిలితే దూది నల్లబడుతుంది. మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. గిన్నెలకు తెల్లపొర కడుతుందని ఇంట్లో విసుక్కునే ఆ నీళ్లే మంజిష్ఠకు మేలు చేశాయి, ఎరుపు బాగా తేలింది.

అసలు టెన్షన్ ఆరాక మొదలైంది. దూది అట్టకట్టేసింది. మైనం పోవడంతో పీచు జారడం మానేసి ఒకదాన్నొకటి పట్టుకుంటోంది. కదురుకు తగిలిస్తే జానెడు పోగు రాకముందే పుటుక్కున తెగేది. ఊళ్లో మామ్మకు ఫోన్ చేస్తే ఒక్కటే మాట అంది: “చేతిని అనకు పిల్లా, ఏకును చూసుకో.” ఏకు అంటే వడకడానికి దువ్వి చుట్టిన దూది వత్తి.

దాంతో అట్టకట్టిన దూదినంతా వేళ్లతో విప్పాను. ఈ పని ఓపిక ఉన్నప్పుడే పెట్టుకోవాలి. తర్వాత కుక్కల జుట్టు దువ్వే తీగ బ్రష్షులు రెండు తీసుకుని, చిటికెడు ఎర్ర దూదికి రెట్టింపు తెల్ల దూది కలిపి, ఉండలు లేకుండా దువ్వాను. అల్లిక సూదికి చుట్టి లాగేస్తే మెత్తని గులాబీ రంగు ఏకులు వచ్చాయి. సోడా తగలని తెల్ల దూదిలో మైనం అలాగే ఉంది కాబట్టి అది జారుతూ, తనతో పాటు ఎర్ర పీచును కూడా లాక్కొచ్చింది.

కుడిచేత్తో చక్రం తిప్పుతూ, ఎడమచేతి వేళ్ల మధ్య ఏకును వదులుగా పట్టుకుని మెల్లగా వెనక్కి జరపాలి. పురి కదురు మొన నుంచి పాకుతూ వేళ్ల దాకా వస్తుంది. లావుగా ఉన్నచోట పురి తక్కువగా పడుతుంది, అక్కడ ఇంకాస్త లాగితే పోగు దానంతటదే సన్నబడుతుంది. చెయ్యి బారెడు వెనక్కి వచ్చాక ఇంకో నాలుగు తిప్పులు పురి ఇచ్చి, చక్రాన్ని కొద్దిగా వెనక్కి తిప్పి కదురుకు చుట్టుకోవాలి. ఈ లయ చేతికి అందాక లేవబుద్ధి కాలేదు.

పొందూరు నూలు ముందు నాది లావుపాటి దారమే, ఎత్తుపల్లాలూ ఉన్నాయి. మగ్గానికి పనికిరాదు గానీ క్రోషేకి చక్కగా సరిపోతుంది. రెండు పోగులు కలిపి ఎదురు పురి వేసి, లచ్ఛిగా (దారపు చుట్టగా) చుట్టి, పురి నిలబడటానికి వేడినీళ్లలో ముంచి తీశాను. కాస్త రంగు దిగింది, రెండోసారి జాడించేసరికి నీళ్లు తేటపడ్డాయి. ఎరుపు ఎక్కువ పడిన చోట ముదురుగా, తెలుపు ఎక్కువైన చోట లేతగా, దారం పొడుగునా ఛాయ మారుతూనే ఉంది. తర్వాత నీలిమందు దూదిని ఇలాగే తెల్లదానితో కలిపి చూస్తాను.