విత్తం యావత్ప్రయోజనమ్: నిండిపోయిన ఇంటికి వామనుడు చెప్పిన కొలత

పోతన భాగవతం అష్టమ స్కంధంలో, బలి చక్రవర్తి యాగశాలలో నిలబడి వామనమూర్తి పలికిన కంద పద్యం ఒకటి ఉంది.

వ్యాప్తిం బొందక వగవక
ప్రాప్తంబగు లేశమైనఁ బదివేలనుచుం
దృప్తిం జెందని మనుజుఁడు
సప్తద్వీపముల నయినఁ జక్కంబడునే?

ఇంకా ఇంకా కావాలని నాలుగు దిక్కులకూ చేతులు చాచకుండా, లేనిదానికి కుమిలిపోకుండా, దొరికింది రవ్వంతే అయినా అదే పదివేలని తృప్తి పడలేని మనిషికి ఏడు దీవులూ చేతికి వచ్చినా సుఖం కుదరదని దీని భావం. ఈ పద్యాన్ని వైరాగ్య బోధగా చదివి, సన్యాసులకు చెప్పిన మాటలే అని పక్కన పెట్టడం మనకు అలవాటు. అయితే ఈ మాట విన్న బలి అడవికి బయలుదేరిన ముని కాడు. నర్మద ఉత్తర తీరాన భృగుకచ్ఛమనే చోట అశ్వమేధం చేస్తూ, పక్కన భార్య వింధ్యావళి, చుట్టూ బంధువులు, గురువులు, సేవకులు ఉండగా ఊపిరి సలపని బాధ్యతల నడుమ ఉన్న గృహస్థు. అందువల్ల తెల్లవారింది మొదలు ఉరుకులు పరుగులతో రోజు గడిచిపోయే కుటుంబాలు, బీరువా తలుపు పూర్తిగా మూతపడని ఇళ్ళు, ఈ పద్యాన్ని తమకోసం చెప్పినదిగానే చదువుకోవచ్చునని నా గట్టి నమ్మకం.

ఈ ఘట్టంలో పోతన రెండు జాబితాలను ఎదురెదురుగా నిలబెడతాడు. ఏం కావాలో అడగమంటూ బలి ఏకరువు పెట్టే జాబితా మొదటిది: మేలైన వస్త్రాలు, మాడలు, ఫలాలు, గోవులు, గుర్రాలు, రత్నాలు, రథాలు, ఏనుగులు, బంగారం, భవనాలు, గ్రామాలు, భూములు. ఒక్కొక్క పేరూ పలుకుతున్నకొద్దీ ఇచ్చేవాడి ఉత్సాహం పెరుగుతూ పోతుంది. దానికి వామనుడు చెప్పే జవాబులో ఉన్నవి ఐదే: గొడుగు, జందెం, కమండలం, ముంజి (బ్రహ్మచారి నడుముకు కట్టుకొనే గడ్డితాడు), దండం. వడుగును, అంటే బ్రహ్మచారినైన నేనెక్కడ, ఆ భూములెక్కడ, ఆ ఏనుగులెక్కడ అని ఆయన ఆశ్చర్యపోతాడు. ఆ ఐదింటిలో ప్రతి ఒక్కటీ ఆయన ఒంటిమీదో చేతిలోనో ఉంది, ప్రతి రోజూ వాడుకలో ఉంది. ఆయన గొడుగును పారవేయలేదు. ఎండకూ వానకూ గొడుగు కావాలి కనుక అది ఉంది. రెండో గొడుగు మాత్రం లేదు. సరళ జీవనమంటే ఖాళీ గోడలూ నేలమీద ఒక చాపా అని భయపడేవారికి ఈ చిన్న జాబితా ఎంతో ఊరటనిస్తుందని నాకు అనిపిస్తుంది.

వ్యాస భాగవతంలో ఇదే సందర్భంలో వామనుడు ఒక కొలతను కూడా చెబుతాడు. "ఏతావతైవ సిద్ధోఽహం విత్తం యావత్ప్రయోజనమ్." నేనడిగిన మూడడుగుల నేల, ఇంతమాత్రంతోనే నా పని నెరవేరుతుంది, ప్రయోజనం ఎంతవరకో విత్తమూ అంతవరకే అని. ఇల్లు సర్దుకోవడం గురించి ఎన్ని సలహాలు విన్నా, ఇంత సూటిగా చేతికి అందే కొలత మరొకటి నాకు కనబడలేదు. ఇందులో సంఖ్య లేదు. ఒక కుటుంబానికి ఎన్ని చొక్కాలు, ఎన్ని గిన్నెలు ఉండాలని ఎవరూ శాసించలేరు. ఇద్దరున్న ఇంటికీ, పసిపిల్లలూ వృద్ధులూ కలిసి ఉన్న ఇంటికీ ప్రయోజనాలు వేరు. అడగవలసిన ప్రశ్న మాత్రం అందరికీ ఒక్కటే: ఈ వస్తువు ఇప్పుడు ఈ ఇంట్లో ఎవరికి, ఏ పనికి ఉపయోగపడుతోంది?

ఆ ప్రశ్నతో ఒక్క సొరుగు తెరిచి చూడండి. పైన కరెంటు బిల్లులు, వాటికింద ఎప్పుడో పాడైపోయిన ఫోన్ల ఛార్జర్లు ఒకదానికొకటి చిక్కుపడి, వాటి మధ్య ఏ తాళానివో ఎవరికీ తెలియని తాళంచెవులు, ఇంకు ఎండిపోయిన పెన్నులు, చేతికి తగిలి చల్లగా జారిపోయే పాత బ్యాటరీలు, గ్యారంటీ గడువు ముగిసిన కాగితాలు, అన్నిటికీ అడుగున పాపాయి మొదటిసారి నడిచినప్పుడు తొడిగిన బొటనవేలంత బూట్లు కనిపిస్తాయి. ఛార్జర్లకు ప్రయోజనం తీరిపోయింది. తాళంచెవులది ప్రయోజనం కాదు, భయం: తీసేస్తే రేపు అవసరం పడుతుందేమోనన్న భయం. ఆ బూట్లు మాత్రం ఇంకా తమ పని చేస్తూనే ఉన్నాయి, ఎందుకంటే వాటిని చేతిలోకి తీసుకోగానే తల్లి ముఖం మారిపోతుంది. జ్ఞాపకం కూడా ప్రయోజనమే. కాకపోతే ఆ జ్ఞాపకానికి ఒక జత బూట్లు చాలు, పసితనపు బట్టలన్నీ మూటగట్టి అటక మీద ఉంచవలసిన అవసరం లేదు.

వస్తువును ఉంచుకోవడానికి ఖర్చేమీ లేదనుకోవడం మనలో చాలామందికి ఉన్న భ్రమ. పతంజలి యోగసూత్రాలలో అహింస, సత్యం, అస్తేయం (దొంగిలించకపోవడం), బ్రహ్మచర్యాలతో పాటు చెప్పిన అయిదో యమం, అంటే అయిదో సంయమం, అపరిగ్రహం: వస్తువులను పోగుచేసుకోకపోవడం. దానిని వివరిస్తూ వ్యాసభాష్యం వస్తువుల వెంట వచ్చే ఐదు దోషాలను పేర్కొంటుంది: అర్జన, రక్షణ, క్షయ, సంగ, హింస. సంపాదించడంలో శ్రమ, కాపాడుకోవడంలో శ్రమ, పోయినప్పుడు దుఃఖం, ఉన్నంతకాలం తగులం, వీటన్నిటి వెనుక ఎక్కడో ఒక ప్రాణికి కలిగే బాధ. ఇవి గుహలో కూర్చున్న యోగికన్నా బడివేళకు పిల్లలను తయారు చేసే తల్లిదండ్రులకే బాగా అర్థమవుతాయి. పదిహేను బొమ్మలు, ఎనిమిది పెట్టెల మధ్య రెండో బూటు దొరక్క, వెతకమని కేకలు వేస్తూ, చివరకు పిల్లవాడు కన్నీళ్ళతో గడప దాటిన ఉదయం ఆ ఇంటికి ఏం ఖర్చయిందో ఏ లెక్కల పుస్తకంలోనూ కనిపించదు. రక్షణ దోషమంటే దొంగల భయం ఒక్కటే అనుకోనక్కరలేదు. తుడవడం, మడతపెట్టడం, వెతకడం, జరపడం, మళ్ళీ సర్దడం అన్నీ అందులోకే వస్తాయి, ఆ భారం చాలా ఇళ్ళలో ఒక్కరి మీదనే పడుతుంది.

ఇక్కడ బలి గురువు శుక్రాచార్యుడి మాట కూడా వినాలి. ఆయనను దుష్టుడిగా చూపించి తోసివేయడం న్యాయం కాదని నా అభిప్రాయం. సర్వస్వమూ విష్ణువుకు ఇచ్చివేసి ఎలా బతుకుతావని శిష్యుణ్ణి నిలదీసినవాడు ఆయనే. ధర్మానికి, కీర్తికి, మళ్ళీ సంపాదించుకోవడానికి, భోగానికి, తనవారికి అని సంపదను ఐదు పాళ్ళు చేసుకొనేవాడు ఇహపరాలలో సుఖపడతాడని చెప్పినవాడూ ఆయనే. ఒక రోజు ఆవేశం వచ్చి ఇంట్లో ఉన్నదంతా తీసివేసి, మరుసటి నెలలో అవే వస్తువులను తిరిగి కొనుక్కొనే కుటుంబానికి శుక్రుడి హెచ్చరిక తప్పకుండా పనికివస్తుంది. చలికాలపు దుప్పట్లను ఎండాకాలంలో పారవేయడం వైరాగ్యం అనిపించుకోదు. అయితే శుక్రుడి గొంతు ఎప్పుడు హద్దు దాటుతుందో కూడా భాగవతమే చూపిస్తుంది. ఇస్తానన్న మాటకు అడ్డుపడినప్పుడు, రేపటి భయం నేటి ధర్మాన్ని ఆపినప్పుడు, బలి ఆయన మాట వినలేదు. ఇంతకు ముందు రాజులు లేరా, రాజ్యాలు లేవా, "వారేరీ సిరి మూటగట్టుకొని పోవంజాలిరే" అని గురువునే అడిగాడు.

బలి ఇచ్చింది తనకు తానుగా ఇచ్చాడన్నది మరువరాని సంగతి. ఇల్లు తేలిక చేయాలని పూనుకున్నవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. తమ పుస్తకాలను ముట్టుకోకుండా భర్త పనిముట్లను, భార్య చీరలను, పిల్లల బొమ్మలను, అత్తగారు దాచుకున్న గిన్నెలను ముందు తీయడం మొదలుపెడతారు. ఇతరుల వస్తువును వారికి తెలియకుండా తీసివేస్తే అది త్యాగం కాదు, అస్తేయ వ్రతానికి భంగం. పిల్లవాడు తన చేత్తో తీసి ఇచ్చిన ఒక్క బొమ్మ, వాడు బడికి వెళ్ళినప్పుడు మాయమైన పది బొమ్మలకన్నా విలువైనది. ఇవ్వనని గట్టిగా పట్టుకుంటే ఆ బొమ్మ ఉండనివ్వండి. పెద్దలు మొదట తమ అరను ఖాళీ చేసి చూపిస్తే, పిల్లలకు అంతకన్నా చెప్పవలసిన అవసరం సాధారణంగా ఉండదు.

తీసినవి ఎక్కడికి వెళుతున్నాయన్నది నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెట్టే విషయం. కఠోపనిషత్తు ఆరంభంలో వాజశ్రవసుడు సర్వస్వాన్నీ దానం చేసే యాగం చేస్తూ ఆవులను ఇస్తాడు. అవి "పీతోదకా జగ్ధతృణా దుగ్ధదోహా నిరింద్రియాః": తాగవలసిన నీళ్ళు తాగేసి, మేయవలసిన గడ్డి మేసేసి, పాలు పిండించుకోవడం ముగించి, ఈనే శక్తి ఉడిగిపోయినవి. అది చూసి అతని కొడుకు, బాలుడైన నచికేతుడిలో శ్రద్ధ మేల్కొంది, ఇలాంటి దానం చేసినవాడు ఆనందం లేని లోకాలకు పోతాడని మనసు కలవరపడింది. తండ్రిని ప్రశ్నించే ధైర్యం ఆ శ్రద్ధ నుంచే వచ్చింది. చిరిగిన చొక్కాలు, ముక్కలు పోయిన బొమ్మలు, మూత లేని డబ్బాలు సంచిలో కుక్కి పేదవారికి ఇచ్చామని తృప్తి పడే ప్రతి ఇంటిలోనూ ఒక నచికేతుడు నిలబడి చూస్తూ ఉంటాడని గుర్తుంచుకోవాలి, ఎందుకంటే పిల్లలు నిజంగానే చూస్తూ ఉంటారు. పనికిరానిది చెత్తలోకో, తిరిగి వాడుకలోకి తెచ్చేవారి దగ్గరికో పంపాలి. ఇచ్చేదాన్ని ఉతికి, గుండీ కుట్టి, మడతపెట్టి, తీసుకొనేవారికి అవసరమా అని అడిగి ఇవ్వాలి. "శ్రద్ధయా దేయమ్, అశ్రద్ధయా అదేయమ్" అన్న తైత్తిరీయోపనిషత్తు ఉపదేశం మనిషికి మనిషి వస్తువును అందించే ఆ క్షణం గురించే చెబుతోంది.

మూడడుగులే చాలన్నవాడు మూడు లోకాలనూ కొలిచేసుకున్నాడు కదా, ఆయన తృప్తి బోధ ఎలా నిలుస్తుందని ఎవరైనా అడగవచ్చు. ఆయన కొలిచింది మొదటినుంచీ ఆయనదే. తనదని బలి అనుకున్న భూమి ఒక అడుగుకు, ఆకాశం ఒక అడుగుకు సరిపోగా, మూడో అడుగుకు తల వంచినప్పుడు ఇవ్వడానికి అతని దగ్గర మిగిలింది తానొక్కడే. అలా ఇచ్చుకున్న తరువాత అతనికి అధోలోకాలలో ఒకటైన సుతలం దక్కింది, ఆ వాకిట గద పట్టుకొని కాపలా నిలిచినవాడు సాక్షాత్తు విష్ణువు. ఇంట్లోని ప్రతి వస్తువూ కొంతకాలం మన సంరక్షణలో ఉన్న భగవంతుడి సొత్తని భావించే కుటుంబానికి దాన్ని బాగుచేసి వాడుకోవడం, పొరుగువారితో పంచుకోవడం, కాలం తీరాక పంపించడం, మూడూ సేవలే అవుతాయి.

వస్తువుల గురించి చెప్పినదంతా సమయానికీ వర్తిస్తుంది. ప్రతి సాయంత్రం ఒక తరగతి, ప్రతి ఆదివారం ఒక కార్యక్రమం పెట్టుకున్న కుటుంబం బీరువా ఎంత సర్దినా అలసిపోతూనే ఉంటుంది. ఆహారంలో, విహారంలో, పనులలో, నిద్రలో, మేలుకొనడంలో తగుమాత్రంగా ఉండేవాడికే యోగం దుఃఖాన్ని పోగొడుతుందని గీత ఆరవ అధ్యాయం చెబుతుంది. వారంలో ఒక సాయంత్రాన్ని ఏ పనీ పెట్టుకోకుండా కాపాడుకోవడం ఆ తగుమాత్రపు జీవనానికి మంచి ఆరంభం.

ఖాళీ అయిన అరలు మళ్ళీ నిండకుండా చూసుకోవడం మిగిలిన పని, ఇదే కష్టమైనది. బలి ఇంకా అడగమంటున్నప్పుడే, పుచ్చుకోకముందే వామనుడు ఈ పద్యాన్ని చెప్పాడు. కనుక కొనేముందు ఇంటిల్లిపాది ఒకసారి కూర్చొని, దీని ప్రయోజనమేమిటి, ఇది లేకుండా ఇన్నాళ్ళూ ఎలా గడిచింది, అడిగితే ఎవరైనా కొద్దిరోజులకు ఇస్తారా, ఇంట్లో దీన్ని ఎక్కడ పెడతాం అని మాట్లాడుకోవాలి. ఆ మాటల తరువాత కూడా అవసరమేనని తేలితే నిశ్చింతగా కొనుక్కోవచ్చు. తేలకపోతే వారం ఆగి, ఆ వస్తువు ఎవరికైనా గుర్తుందేమో చూడవచ్చు.