స్ఫింక్స్‌కి పది మార్కులు

డైనింగ్ టేబుల్ మీద మళ్ళీ ఆ ప్రొఫెసర్ పోస్టుల దరఖాస్తు ఫారాలే. కంచాలు ఎక్కడ పెట్టాలమ్మా అని అత్తయ్య సాయంత్రం నుంచీ అడుగుతూనే ఉన్నారు. ఈయన కాలిక్యులేటర్ దించితేగా. నాకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం ఆ కాగితాల గుట్ట కాదు, అందులో ఉన్న లెక్క.

యూజీసీ 2018 నిబంధనల్లో, నేరుగా నియమించేటప్పుడు, అసోసియేట్ ప్రొఫెసర్‌కి పీహెచ్‌డీ, 8 ఏళ్ల అనుభవం, 7 పేపర్లు, 75 రీసెర్చ్ స్కోరు కావాలి. ప్రొఫెసర్‌కైతే 10 ఏళ్లు, 10 పేపర్లు, 120 స్కోరు. ఇంజినీరింగ్‌లో జర్నల్ పేపరుకి 8 మార్కులు, ఆ జర్నల్ వ్యాసాల్ని ఇతరులు ఎంతగా ఉదహరిస్తారో చెప్పే ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ని బట్టి పైన ఇంకొన్ని. ఇద్దరు కలిసి రాస్తే ఆ 8లో చెరో 70 శాతం, అంటే 5.6. మూడో పేరు చేరిందా, ముఖ్య రచయితకి 5.6 అలాగే ఉంటుంది, మిగతా ఇద్దరికీ తలా 2.4. ఇక రాత్రుళ్ళు కూర్చుని కోడ్ రాసిన ఎంటెక్ పిల్లాడి పేరు ఎక్కడికి పోతుందో చెప్పాలా? చివర్న ‘కృతజ్ఞతలు’లోకి.

అసలు మంట ఇంకోటి. కంప్యూటర్ సైన్సులో మంచి పనంతా కాన్ఫరెన్సులకే వెళ్తుంది. గడువు తేదీ దాటితే తీసుకోరు, ముగ్గురు నలుగురు రివ్యూయర్లు చీల్చి చెండాడతారు, పేరున్న చోట్ల పంపినవాటిలో చాలావరకు వెనక్కొస్తాయి. అంత గండం గడిచిన పేపరు ఈ ఫారంలో ఉపన్యాసాల గడిలో పడుతుంది: విదేశంలో అయితే 7, ఇక్కడ జరిగిన అంతర్జాతీయ సభ అయితే 5. ఆ గడి మొత్తం స్కోరులో 30 శాతం దాటకూడదు కూడా. అందుకే అదే పనిని సాగదీసి, రెండు పట్టికలు కలిపి, జర్నల్‌కి పంపి ఏడాది కాచుకుంటారు.

చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన కృత్రిమ మేధ శాస్త్రవేత్త రాజ్ రెడ్డిగారిని ఈ గడుల్లో కూర్చోబెడితే? గిండీలో ఇంజినీరింగ్, ఆస్ట్రేలియాలో మాస్టర్స్, 1966లో స్టాన్‌ఫర్డ్ పీహెచ్‌డీ, 1969 నుంచి అమెరికాలోనే కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం. 1970ల్లో అక్కడ మాట గుర్తుపట్టే యంత్రాలకి రెండు దారులు పక్కపక్కనే నడిచాయి. హియర్‌సే-2లో ధ్వనులకో నిపుణుడు (మనిషి కాదు, ప్రోగ్రామే), పదాలకో నిపుణుడు, వ్యాకరణానికో నిపుణుడు, అందరూ ఒకే నల్లబల్ల మీద ఊహలు రాసి ఒకరివి ఒకరు దిద్దుకోవడం. ఎంత అందమైన ఆలోచనో! హార్పీ అలా కాదు. అనుమతించిన వాక్యాలన్నిటినీ ముందే 15,000 స్థితుల వలగా అల్లేసి, అడుగడుగునా బాగా సరిపోయే దారులు మాత్రం ఉంచుకుని తక్కినవి వదిలేస్తుంది. 1976లో 1,011 పదాలతో డార్పా (అమెరికా రక్షణశాఖ పరిశోధన సంస్థ) ప్రాజెక్టు లక్ష్యం అందుకున్నది ఈ మొరటు హార్పీయే. కాకపోతే ఒక్కో మనిషి గొంతుకీ విడిగా సర్దుకోవాలి. ఆ బెడద తీర్చింది స్ఫింక్స్, 1988లో కై-ఫూ లీ థీసిస్. అది గణాంకాల దారి. గురువు రాజ్ రెడ్డి నమ్మిన దారి అది కాదు. అయినా శిష్యుడికి అడ్డుపడలేదు, వెనకుండి నడిపించారు. మన ఫారంలో ఆ థీసిస్‌కి గైడుకొచ్చేది 10 మార్కులు. డిగ్రీ ఇంకా రాక సమర్పించి మాత్రమే ఉంటే 5.

ఇక్కడిదాకా ఊపుగా రాశాక చెయ్యి ఆగింది. రాజ్ రెడ్డిగారి వెనక స్టాన్‌ఫర్డ్‌లో గైడు జాన్ మెకార్థీ ఉన్నాడు, హార్పీ వెనక డార్పా డబ్బుంది. ఏ అండా లేని ఊళ్ళో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి ఉన్నదేమిటి? “నా స్కోరు 76, ఎందుకు ఆపారు?” అని అడగడానికి ఒక అంకె. అది కూడా తీసేస్తే మిగిలేది సెలక్షన్ కమిటీ దయే. మార్కులు ఉండాల్సిందే, సరే ఒప్పుకున్నాను.

కానీ ఆ ఒక్క గడి మార్చొచ్చుగా, పేరున్న కాన్ఫరెన్సు పేపర్ని జర్నల్ పేపరుతో సమానం చెయ్యొచ్చుగా. ఏవి పేరున్నవో ఒక జాబితా కావాలంటారు. జాబితా వచ్చిన మర్నాడే అందులో ఉన్న పేర్లని పోలిన పేర్లతో నకిలీ సభలు పుడతాయి, జర్నళ్లకి జరిగింది అదేగా. ఈయన్ని అడిగితే “ముందు ఆ 2.4 ఎక్కడ కూడానో చూడు” అంటున్నారు.