మందు మానిన ఒంటికి నూనె మర్దన: బెంగళూరులో నా అనుభవం

తాగుడు మానాక మసాజ్‌కి వెళ్తున్నానంటే మా పీణ్యా ఫ్యాక్టరీలో అందరూ నవ్వారు. వాళ్ల తప్పేం లేదు, బెంగళూరులో వీధికో స్పా బోర్డు కనిపిస్తుంది. నేను వెళ్లింది అలాంటి చోటికి కాదు. మర్దన వల్ల నేను మందు మానలేదు కూడా. మానింది నిమ్హాన్స్‌లో, అంటే ఇక్కడి పెద్ద మానసిక వైద్య ఆసుపత్రిలో, డాక్టర్లిచ్చిన మాత్రలతో, ఆ తర్వాత ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే సంఘం) మీటింగులతో. కాకపోతే మానిన తర్వాత ఒళ్లు పెట్టే బాధ ఒకటుంటుంది. దాని గురించి ముందుగా ఎవరూ పెద్దగా చెప్పరు, అందుకే ఇది రాస్తున్నాను.

మొదటి రోజుల్లో మర్దన మాటే లేదు. రోజూ తాగేవాడు ఒక్కసారిగా ఆపేస్తే కొన్ని గంటల్లోనే చేతులు వణకడం, చెమటలు, గుండె దడ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత కొందరికి లేనివి కనిపిస్తాయి, ఎక్కడున్నారో తెలియదు, ప్రాణం మీదకూ రావచ్చు. గదిలో పెట్టి తాళం వేసి మాన్పిద్దామనుకునే ఇళ్లవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి. నాకు ఈ వణుకు, ఫిట్స్ అదుపులో పెట్టే క్లోర్‌డయాజిపాక్సైడ్ మాత్రలిచ్చి రోజురోజుకీ డోసు తగ్గించారు. థయమిన్, అంటే బీ1 విటమిన్, ఇంజెక్షన్లు వేశారు.

డిశ్చార్జ్ అయ్యేసరికి వణుకు పోయింది. నిద్ర మాత్రం రాలేదు. మెడ, భుజాలు కొయ్యబారిపోయి ఉండేవి. రాత్రి పిక్కలు పట్టేసేవి. ఇంకో నిద్రమాత్ర రాయమని అడిగితే డాక్టరు ఒప్పుకోలేదు. చిత్తూరు వైపు మనిషి, తెలుగులోనే చెప్పారు: "ఒకటి మాన్పించి ఇంకోటి అలవాటు చెయ్యమంటారా? నిద్ర సర్దుకోవడానికి వారాలు పడుతుంది, కొందరికి నెలలు కూడా. ఓపిక పట్టండి." నడక, యోగా, కావాలంటే నూనె మర్దన చేయించుకోండి, మాత్రలు మాత్రం ఆపకండి అన్నారు. అంతకుముందే లివర్ పరీక్ష, ప్లేట్‌లెట్ల లెక్క చూశారు. లివర్ బాగా దెబ్బతిన్నవాళ్లకు ప్లేట్‌లెట్లు తగ్గి ఉంటే గట్టిగా నొక్కిన చోటల్లా చర్మం కింద రక్తం చేరి కములుతుందట. కాలు ఒక పక్కే వాచి నొప్పిగా ఉంటే అస్సలు చేయించుకోకూడదు, రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు.

మెజెస్టిక్ దగ్గర ధన్వంతరి రోడ్డులో ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రి ఉంది. గ్రీన్ లైన్ మెట్రోలో దిగి నడిచి పోవచ్చు. అక్కడి డాక్టరమ్మకు నా మాత్రల చీటీ చూపించాను. అందులో డైసల్ఫిరామ్, అంటే మందు తాగితే ఒంటికి పడకుండా చేసే మాత్ర, పేరు చూడగానే ఆమె లోపలికి తీసుకునే మందులేవీ రాయలేదు. అరిష్టాలు, ఆసవాలనే ఆయుర్వేద ద్రవ మందులు పులియబెట్టి చేసేవి, వాటిలో సహజంగానే ఆల్కహాల్ ఉంటుంది. డైసల్ఫిరామ్ మింగుతూ అవి తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె అదిరిపోతుంది. బలానికని అరిష్టం సీసా కొనుక్కొచ్చే చుట్టాలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు, మా ఇంట్లో మా మేనత్త. స్పిరిట్ కలిసిన నొప్పుల మందులు కూడా పూసుకోవద్దన్నారు. ఆ వాసన చాలు, నోట్లో నీళ్లూరడానికి.

చెక్క బల్ల, గోరువెచ్చని నువ్వుల నూనె, కన్నడంలో తక్కువ మాట్లాడే ఒక పెద్దాయన. మొదటిసారి సిగ్గుగా ఉండి ఒళ్లంతా బిగబట్టుకున్నాను. కొన్నేళ్లుగా నా భుజం మీద చెయ్యి వేసింది బార్ బయట లేపి ఆటో ఎక్కించినవాళ్లే. ఆయన ఏమీ అడగలేదు. "ఉసిరు బిడి అణ్ణా" అన్నాడు, ఊపిరి వదలమని. ఆ రాత్రి తెల్లవారుజామున మూడు దాకా పడుకున్నాను, అప్పట్లో నాకది పండగే. మర్నాడు కూడా తేలిగ్గానే ఉంది. ఆ తర్వాత మెడ మళ్లీ పట్టేసింది.

2005లో ఆస్ట్రేలియాలో ఒక చిన్న అధ్యయనం వచ్చింది. మందు మాన్పించే వార్డులో కుర్చీలో కూర్చోబెట్టి మర్దన చేసినవాళ్లకు, ఊరికే విశ్రాంతి తీసుకున్నవాళ్ల కన్నా తొలి రోజుల్లో బాధ తగ్గిందని అందులో ఉంది. తొలి రోజుల బాధ తగ్గడం వేరు, ఏళ్ల తరబడి మానుకుని ఉండడం వేరు. అందుకే మసాజ్‌తోనే మాన్పిస్తామనే ప్యాకేజీలంటే నాకు నమ్మకం లేదు.

నాకు నిజంగా పనికొచ్చింది ఇంట్లో చేసుకున్నదే. షిఫ్ట్ అయి బస్సు దిగితే మా సందు మొదట్లోనే ఎంఆర్‌పీ షాపు, అంటే మందు సీసాలమ్మే కొట్టు. సాయంత్రం ఏడుకి ప్రాణం అటే లాగేది. ఆ యావ సాధారణంగా అరగంటలోపు తగ్గిపోతుందని కౌన్సెలర్ చెప్పారు. ఆ అరగంట ఎలా గడపాలన్నదే నా గొడవ. ఇంటికి రాగానే ఏదో ఒకటి తిని, గిన్నెలో నువ్వుల నూనె వెచ్చచేసుకుని, పాదాల నుంచి మోకాళ్ల దాకా నేనే రుద్దుకోవడం మొదలుపెట్టాను. మెడకు మా ఆవిడ రాసేది. అనంతపురంలో మా అవ్వ ఆదివారం తలంటు పోసేటప్పుడు మెడ నరాలు ఎలా పట్టుకునేదో చూపించాను, చిత్రంగా నా చెయ్యి అది గుర్తుపెట్టుకుంది. అన్నిటికన్నా పెద్ద లాభం ఇంకోటి: అరికాళ్లకు నూనె పట్టించుకున్నాక చెప్పులేసుకుని బయటికి పోలేం, జారతాయి! శనగపిండితో రుద్దుకుని వేణ్నీళ్లు పోసుకునేసరికి ఎనిమిది దాటుతుంది, అప్పటికి ఆకలి వేస్తుంది.

డైసల్ఫిరామ్ పొద్దున్నే మా ఆవిడ ముందే వేసుకుంటాను, డాక్టరు పెట్టిన షరతు అది. ఆదివారం మీటింగు మానను. నిద్ర ఇప్పుడు ఐదింటి దాకా పడుతోంది. ఈ నెల నాకు నైట్ షిఫ్ట్ పడింది, అందుకని నూనె గిన్నె పొద్దున పది గంటలకు మారింది. షాపు షట్టర్ తెరిచేదీ ఆ టైముకే.