మొదలుపెట్టనంత వరకూ వచ్చినట్టే

కన్నడ ప్రాజెక్టు ఎందుకు ముట్టుకోవడం లేదురా అని అడిగితే మావాడు చెప్పిన జవాబు: "మొదలుపెట్టనంత వరకూ నాకు వచ్చినట్టే కదా నాన్నా. మొదలుపెడితేనే రాదని తెలిసిపోతుంది."

చదివేది ఏడో తరగతి. నేను సిద్ధం చేసుకున్న తిట్లన్నీ బద్ధకం మీద, ఫోన్ మీద. భయం మీద ఒక్కటీ లేదు.

నోట్‌బుక్కు తీసి చూస్తే సంగతి తెలిసింది. బెంగళూరులో ఉన్నా ముందు తెలుగే దిద్దాలని పట్టుబట్టింది నేను. రెండు లిపులూ అక్కచెల్లెళ్లు, ఒకటి వస్తే రెండోది దానంతటదే వస్తుందని మా ఆవిడతో వాదించిందీ నేనే. వచ్చింది. కాకపోతే కన్నడ అక్షరాల నెత్తిన తెలుగు తలకట్టు పెడుతున్నాడు. అడ్డంగా గీత ఉండాల్సిన చోట టిక్కు మార్కు. ఒక్కో తలకట్టు చుట్టూ టీచర్ పెట్టిన ఎర్ర సున్నా. పేజీ నిండా అవే ఉంటే తర్వాతి పేజీ తిప్పడానికి ఎవరికి మనసొప్పుతుంది?

ఫ్యూషా సిరోయిస్, టిమొతీ పిచిల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2013లో రాసిన వ్యాసం ఒకటి ఉంది. వాయిదా వేయడం టైము సర్దుకోవడం రాక కాదట. ఆ పని తలుచుకోగానే కలిగే బెంగనో, విసుగునో, అవమానాన్నో అప్పటికి తప్పించుకోవడానికట. తప్పించుకోగానే ప్రాణం హాయిగా ఉంటుంది. ఆ హాయి రుచి మరిగి మళ్లీ వాయిదా వేస్తాం. మా ఇంట్లో మాత్రం దీనికి మందు టైమ్ టేబుల్. రంగు పెన్సిళ్లతో దాన్ని వాడే ఎంత ముచ్చటగా గీశాడో! ఆ పూట ప్రాజెక్టు ఎటూ తప్పింది కదా.

2010లో కెనడాలో కాలేజీ మొదటి ఏడాది విద్యార్థుల మీద ఒక అధ్యయనం జరిగింది. మొదటి పరీక్షకు చదవకుండా వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్నవాళ్లు తర్వాతి పరీక్షకు తక్కువ వాయిదా వేశారట. అంటే తిట్టకూడదు. రాత్రి ఇది చదివి తలూపిన నేనే పొద్దున గేటు దగ్గర, సెక్యూరిటీ వినేట్టు, "పక్కింటి పిల్ల ఎప్పుడో సబ్మిట్ చేసేసింది" అని అరిచాను. పోనీ మెత్తగా మాట్లాడదామంటే, "ఏదో చదివినట్టున్నావు నాన్నా" అంటాడు.

అసలు నాకు ఈ హక్కు ఉందా అని కూడా అనిపిస్తుంది. హిందూపురం దగ్గర మా పొలం పాస్‌బుక్కు ఇంకా నాయన పేరు మీదే ఉంది. మరణ ధ్రువీకరణ పత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అన్నీ ఒక కవర్లో పెట్టి బీరువాలో ఉంచాను. పొద్దున రైలెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. తమ్ముడు ఫోన్ చేసినప్పుడల్లా ఆఫీసులో రిలీజ్ ఉందంటాను. రిలీజ్ ఎప్పుడూ ఉంటుంది. ఆ కాయితం మీద నాయన పేరు కొట్టేసి నా పేరు రాయడం నా చేతులతో చేయలేను, అంతే. నాకు టైమ్ టేబుల్ గీసిస్తే పనవుతుందా?

ఈ సంగతి వాడికి చెబితే మంచిదేమో. నాన్నకీ భయాలుంటాయని తెలుస్తుంది. కానీ చెప్పానంటే రేపటి నుంచి ప్రతి హోంవర్కుకీ నా పాస్‌బుక్కు అడ్డం పెడతాడు.