బ్రేకు వదిలాక ఏం జరుగుతుంది: మూడు స్పోర్ట్స్ సెడాన్ల పోలిక, ఇప్పటివరకు

వెనక చక్రాలు తోసే సెడాన్, ముందు చక్రాలు లాగే సెడాన్, నాలుగు చక్రాలకూ బలం అందే సెడాన్. మలుపులో ఏది ఎలా నడుచుకుంటుందో దగ్గరగా చూడాలని మేం ముగ్గురు మిత్రులం మొదలుపెట్టిన పని ఇది. అదృష్టం కొద్దీ ముగ్గురి దగ్గరా తలో రకం ఉంది. నాది బీఎండబ్ల్యూ 330ఐ, కంపెనీ ఈ46 అని పిలిచే తరం. టర్బో లేని 3 లీటర్ల ఇన్‌లైన్ సిక్స్ (ఒకే వరుసలో ఆరు సిలిండర్లు), 231 హార్స్‌పవర్, 300 ఎన్ఎం టార్క్ (ఇంజిన్ తిప్పే బలం), మాన్యువల్ గేర్లు. ఇంకొకరిది హ్యుందాయ్ ఎలాంట్రా ఎన్. 2 లీటర్ల టర్బో, 280 హార్స్‌పవర్, 392 ఎన్ఎం, డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్. మూడోది 2022 మోడల్‌గా వచ్చిన తరం సుబారు డబ్ల్యూఆర్ఎక్స్. 2.4 లీటర్ల టర్బో బాక్సర్ ఇంజిన్, 271 హార్స్‌పవర్, 350 ఎన్ఎం, ఆరు గేర్ల మాన్యువల్. బరువులో మూడూ ఇంచుమించు ఒకటిన్నర టన్నుల దగ్గరే ఉంటాయి.

పికప్ ఒక్కటే చూస్తే మాట్లాడుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. కంపెనీ లెక్క ప్రకారం 0 నుంచి 100 కి.మీ. వేగానికి ఎలాంట్రా ఎన్ 5.3 సెకన్లు తీసుకుంటుంది, నా కారు 6.5. సూటి రోడ్డు మీద నాది వెనకబడుతుంది, అంతే. కానీ కార్లు మార్చుకుని నడిపినప్పుడల్లా మా చర్చ వేరే చోటికి వెళ్లేది. బ్రేకు మీద నుంచి కాలు తీస్తూ, స్టీరింగ్ తిప్పి, మళ్లీ యాక్సిలరేటర్ అందుకునేలోపు ఒకటి రెండు సెకన్లు గడుస్తాయి. కారు స్వభావం అంతా ఆ కాస్త సమయంలోనే బయటపడుతుందని నా గట్టి నమ్మకం. ఆ రెండు సెకన్లను మూడు కార్లలోనూ ఒకే కొలమానంతో చూడటానికి ఏమేం చేశామో, ఇప్పటికి ఏం తేలిందో రాస్తున్నాను.

టైర్లు ఒకటైతేనే పోలిక

వేర్వేరు టైర్లున్న రెండు కార్లను పోలిస్తే తేలేది టైర్ల తేడానే. అందుకే ముందుగా మూడు కార్లకూ ఒకే కంపెనీ, ఒకే మోడల్ టైర్లు వేయించాం. సైజులు మాత్రం ఎవరివి వాళ్లవే: నాకు నాలుగూ 225/45 ఆర్17, ఎలాంట్రాకు 245/35 ఆర్19, సుబారుకు 245/40 ఆర్18. టైరు పక్కన ఉండే నాలుగంకెల తేదీ కోడ్ కూడా చూసి తీసుకున్నాం. 2323 అని ఉంటే 2023లో 23వ వారంలో తయారైందని అర్థం. నిల్వ ఉన్నకొద్దీ రబ్బరు గట్టిపడుతుంది కాబట్టి మూడు సెట్లూ కొన్ని వారాల తేడాలోనే ఉండేలా పట్టుబట్టాం.

గాలి విషయంలో మా పద్ధతి ఇది. పొద్దున్నే, టైరు చల్లగా ఉండగా, కారు డోరు దగ్గరి స్టిక్కర్ మీదున్న ప్రెషర్ పెడతాం. ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెంటీగ్రేడ్ మారితే సుమారు ఒకటిన్నర పీఎస్ఐ మారుతుంది. మలుపులు గట్టిగా తిప్పితే 4 నుంచి 6 పీఎస్ఐ దాకా పెరగడం మామూలే. కాబట్టి చల్లటి అంకె కంటే, ఆగిన వెంటనే తీసుకునే వేడి అంకె మీదే నాకు గురి ఎక్కువ.

అంకె ఎంతున్నా టైరు అసలు ఎంత ఒరుగుతోందో కళ్లతో చూడాలంటే సుద్దముక్క చాలు. టైరు భుజం మీద, చాలా టైర్లకు చిన్న త్రిభుజం గుర్తు ఉంటుంది. అక్కడి నుంచి పక్కగోడ మీదికి అడ్డంగా సుద్ద గీత గీయాలి. నాలుగైదు మలుపులు తిప్పి వచ్చి చూస్తే గీత ఎంతవరకు చెరిగిపోయిందో కనిపిస్తుంది. త్రిభుజం దాటి పక్కగోడ మీది సుద్ద కూడా పోయిందంటే గాలి తక్కువైంది. త్రిభుజానికి చాలా ఇవతలే గీత మిగిలిపోయిందంటే ఎక్కువైంది. నా కారులో ముందు ఎడమ టైరు గీత త్రిభుజం కింద వేలి మందాన చెరిగింది, వెనకవాటిలో త్రిభుజం దాకా రానేలేదు. ముందు టైర్లలో 2 పీఎస్ఐ పెంచి, వెనక 1 తగ్గించాక నాలుగు గీతలూ ఒకే చోట ఆగాయి. ఆ మార్పుకే స్టీరింగ్ తిప్పగానే ముక్కు కదిలే తీరు స్పష్టంగా మారింది.

పెట్రోలు కూడా ఒకేలా సగం ట్యాంకు. మరీ తక్కువుంటే పొడవాటి మలుపులో పెట్రోలు ఒక పక్కకు చేరి పంపుకు అందదు. డిక్కీలోంచి స్టెప్నీ, జాకీ సహా కదిలే వస్తువులన్నీ తీసేస్తాం. చక్రాల నట్లు మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కు రెంచితో బిగించి, మధ్యాహ్నం ఒకసారి మళ్లీ చూస్తాం. ఇదంతా జనం తిరిగే రోడ్డు మీద కాదు. అనుమతి తీసుకున్న, గేటు వేసిన, చుట్టూ గుద్దుకోవడానికి ఏమీ లేని చోట మాత్రమే చేస్తాం.

30 మీటర్ల వలయం

పట్టు కొలవడానికి దీనికంటే చవకైన పద్ధతి లేదు. మధ్యలో మేకు కొట్టి, దానికి కట్టిన తాడుతో 29 మీటర్ల వ్యాసార్ధంలో కోన్లు పెట్టాలి. కారు వాటి పక్కనే వెళ్తుంది కాబట్టి కారు నడిమధ్య దాదాపు 30 మీటర్ల వలయంలో తిరుగుతుంది. మెల్లగా వేగం పెంచుతూ, ఇక గీత మీద నిలవలేదనే దాకా వెళ్లి, ఒక పూర్తి చుట్టుకు పట్టిన సమయం తీసుకోవాలి. 120.7ను ఆ సమయం వర్గంతో భాగిస్తే పక్కబలం 'జీ'లలో, అంటే భూమి ఆకర్షణకు ఎన్ని రెట్లో, వస్తుంది. 11 సెకన్లు పడితే 1 జీ. 12 పడితే 0.84 జీ. ఒక్క సెకనులో అంత తేడా ఉంది కాబట్టి స్టాప్‌వాచ్ నొక్కే మనిషి మారకూడదు. ఎడమవైపు, కుడివైపు రెండూ తిప్పి సగటు తీసుకోవాలి.

టైర్లు ఒకటయ్యాక మూడు కార్ల అంకెలూ అంతకుముందు కంటే చాలా దగ్గరకు వచ్చేశాయి. నాకు ఇది పెద్ద విషయంగా తోచింది. స్థిరంగా తిరుగుతున్నప్పుడు మూడూ చివరికి ముక్కు బయటికి తోసేవే, అంటే అండర్‌స్టీర్ చేసేవే. మామూలు డ్రైవర్‌కు క్షేమం కాబట్టి కంపెనీలు అలాగే ట్యూన్ చేస్తాయి. అసలు తేడా యాక్సిలరేటర్ మీద నుంచి కాలు కొద్దిగా తీసినప్పుడు వచ్చింది. ఎలాంట్రా చటుక్కున వలయం లోపలికి తిరిగింది. నా 330ఐ మెల్లగా, ఒకే తీరుగా లోపలికి జరిగింది. సుబారు ముందు వేగం తగ్గి, ఆ తర్వాత గీత మీదికొచ్చింది.

బ్రేకు నుంచి మలుపులోకి

ఇక్కడ కాస్త లెక్క చెప్పుకోవాలి. 1500 కిలోల కారు, గరిమనాభి నేల నుంచి 55 సెం.మీ. ఎత్తులో, వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) 2.7 మీటర్లు అనుకుందాం. 0.9 జీతో బ్రేకు వేస్తే దాదాపు 275 కిలోల భారం వెనక చక్రాల మీద నుంచి ముందు చక్రాల మీదికి వస్తుంది. బరువు ముందూ వెనకా సగం సగం ఉన్న కారులో 750-750 కాస్తా 1025-475 అవుతుంది. నా కారు ఇంచుమించు ఈ కోవలోదే. అదే బరువులో 62 శాతం ముందే ఉన్న ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారులో వెనక రెండు టైర్ల మీదా కలిపి మిగిలేది 300 కిలోల లోపే. అంత తేలికైన తోక బ్రేకు వదిలే తీరును బట్టి ఇట్టే పక్కకు జరుగుతుంది. వలయంలో ఎలాంట్రా చటుక్కున తిరగడానికీ కారణం ఇదే.

దీన్ని చూడటానికి మేం వేసుకున్న దారి సులువైనది: 100 కి.మీ. వేగం అందేంత సూటి దారి, గట్టి బ్రేకు, తొంభై డిగ్రీల కుడి మలుపు, మళ్లీ సూటి దారి. బ్రేకు వేయాల్సిన చోటు కోన్ పెట్టి ముగ్గురికీ ఒకటే చేశాం. సెకనుకు ఒక్కసారే చోటు చెప్పే ఫోన్ జీపీఎస్ దీనికి పనికిరాదు. 100 కి.మీ. వేగంలో కారు సెకనుకు 27.8 మీటర్లు వెళ్తుంది, అంటే మనం చూడాలనుకున్నదంతా రెండు చుక్కల మధ్యే అయిపోతుంది. సెకనుకు పదిసార్లు చదివే విడి రిసీవర్ పెట్టాక గాని గ్రాఫుకు ఒక ఆకారం రాలేదు.

330ఐలో బ్రేకు పెడల్‌ను ఒక్కసారిగా వదిలితే ముక్కు పైకి లేచి ముందు టైర్ల పట్టు పోతుంది. స్టీరింగ్ తిప్పుతున్నకొద్దీ పెడల్‌ను అంతే నెమ్మదిగా వదిలితే ముందు టైర్లు నేలను కరుచుకుని తిరుగుతాయి, వెనక భాగం వాటి వెంటే వస్తుంది. హైడ్రాలిక్ స్టీరింగ్ కావడంతో ముందు టైర్లు హద్దు దాటబోయే ముందు చేతుల్లో బరువు తగ్గడం తెలుస్తుంది. ఆ ఒక్క సమాచారం కోసం నేను ఈ కారును వదులుకోలేను. చిక్కు బయటికి వచ్చేటప్పుడు ఉంది. ఈ కారుకు వెనక ఉన్నది ఓపెన్ డిఫరెన్షియల్, అంటే రెండు చక్రాలకూ బలం పంచే, ఏది జారినా అడ్డుకోని గేర్ల అమరిక. లోపలి వెనక చక్రం తేలికపడగానే బలమంతా దాని దారిన పోతుంది. స్టీరింగ్ కాస్త సూటిగా అయ్యేదాకా ఆగి నొక్కాల్సిందే.

ఎలాంట్రా దీనికి పూర్తిగా భిన్నం. మలుపు మొదట్లో తోక సాయం చేస్తుంది, మలుపు చివర్లో ముక్కు సాయం చేస్తుంది. ముందు చక్రాల మధ్య ఎలక్ట్రానిక్ లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, అంటే ఒక చక్రం వట్టిగా తిరిగిపోకుండా అడ్డుకునేది, ఉంది. యాక్సిలరేటర్ నొక్కితే బయటి చక్రానికి ఎక్కువ బలం పంపి ముక్కును లోపలికి లాగుతుంది. మొదటిసారి నేను నడుపుతుంటే పక్కన కూర్చున్న మిత్రుడు, "కాలు తియ్యకురా, ఇంకా నొక్కు, అదే లాక్కుపోతుంది చూడు" అన్నాడు. వెనక చక్రాల కారుకు అలవాటు పడ్డ కాలు అలా నొక్కడానికి ఒప్పుకోదు. నొక్కాక మాత్రం కారు బయటికి జారకుండా మలుపు లోపలి అంచు కోన్ వైపు తిరిగింది. అలాగని స్టీరింగ్ మరీ ఎక్కువ తిప్పి ఉంచి నొక్కితే ఏ డిఫరెన్షియల్ అయినా చేయగలిగింది లేదు. ఒకే జత టైర్లు తిరగాలి, లాగాలి.

సుబారు బాక్సర్ ఇంజిన్‌లో సిలిండర్లు రెండు పక్కలకూ పడుకుని ఉంటాయి కాబట్టి బరువు నేలకు దగ్గరగా ఉంటుంది, కానీ ముందు ఇరుసుకు ముందువైపు ఉంటుంది. ఆ బరువును తిప్పడానికి ఓ క్షణం ఎక్కువ ఇవ్వాలి. తొందరపడి వేగంగా దూరితే ముక్కు సూటిగా పోవాలని చూస్తుంది. రెండు మూడు కి.మీ. వేగం తగ్గించి, ముక్కు కోన్ వైపు చూడగానే కాలు పూర్తిగా దించేయొచ్చు. మాన్యువల్ మోడల్‌లో విస్కస్ కప్లింగ్ (చిక్కటి ద్రవంతో పట్టు ఇచ్చే జోడింపు) ఉన్న సెంటర్ డిఫరెన్షియల్ బలాన్ని ముందుకూ వెనక్కూ సగం సగం పంచుతుంది, నాలుగు చక్రాలూ కలిసి కారును బయటికి విసురుతాయి. ఒక ఉదయం నేల తడిగా ఉన్నప్పుడు నడిపితే ఇది మరీ కొట్టొచ్చినట్టు కనిపించింది. నేను, ఎలాంట్రా మిత్రుడు ఇద్దరం కాలు బిగబట్టుకున్న చోట సుబారు మిత్రుడు నిశ్చింతగా నొక్కుకుంటూ వెళ్లాడు.

లోపలి చక్రానికీ బయటి చక్రానికీ బలం ఎలా పంచాలన్న ఈ సమస్య మీద కంపెనీలు ఎంత బుర్ర పెట్టాయో చూస్తే ముచ్చటేస్తుంది. మిత్సుబిషి 1996లో లాన్సర్ ఎవల్యూషన్ 4తో యాక్టివ్ యా కంట్రోల్ తెచ్చి వెనక చక్రాల మధ్య బలాన్ని పక్కలకు మార్చింది. ఆల్ఫా రోమియో జూలియా క్వాడ్రిఫోలియో వెనక డిఫరెన్షియల్‌లో ఒక్కో చక్రానికి ఒక్కో క్లచ్ పెట్టి అదే పని చేసింది, పైగా కొద్దిగా తిప్పినా చక్రాలు ఎక్కువ తిరిగే 11.8:1 నిష్పత్తి స్టీరింగ్ ఇచ్చింది. జూలియా నడిపే అవకాశం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్నాను.

స్లాలమ్, బ్రేకుల వేడి

18 మీటర్లకు ఒక కోన్ పెట్టి, వాటి మధ్య అటూ ఇటూ మెలికలు తిరుగుతూ నడిపే స్లాలమ్ కూడా చేస్తున్నాం. మొదటి రెండు కోన్లలో మూడు కార్లూ ఒకేలా ఉంటాయి. నాలుగో కోన్ దగ్గరికొచ్చేసరికి అటూ ఇటూ ఊగిన బరువు పోగుపడి షాక్ అబ్జార్బర్ల సంగతి బయటపడుతుంది. పాత కారు కావడంతో నాకు ఇక్కడే నష్టం. సస్పెన్షన్ కీళ్లలోని రబ్బరు బుష్‌లు మార్పించాక మెరుగైంది, షాక్‌లు ఇంకా మార్చాలి.

బ్రేకుల విషయంలో ఒక్క మాట. డాట్ 4 రకం బ్రేక్ ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెంటీగ్రేడ్ వరకు మరగకూడదు. తేమ పీల్చుకున్నాక ఆ కనీస హద్దు 155కి పడిపోతుంది. పెడల్ మామూలు కంటే లోతుకు వెళ్తోందంటే ఆ రోజుకు ఆపేయడమే మంచిది. గట్టిగా నడిపాక ఒక చుట్టు బ్రేకు వాడకుండా మెల్లగా తిప్పాలి. ఆపాక హ్యాండ్‌బ్రేక్ వేయకుండా గేరులో పెట్టి, చక్రానికి అడ్డు పెట్టాలి. ఎర్రగా కాలిన ప్యాడ్ డిస్క్‌ను పట్టుకుని ఉంటే దాని పొర అక్కడ అంటుకుపోయి, తర్వాత బ్రేకు వేసినప్పుడల్లా అదిరినట్టుంటుంది.

ఇక మీదట

సుబారు ముక్కు బద్ధకం తగ్గించడానికి ముందు చక్రాలకు క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వంగే కోణం) మార్చే బోల్టులు వేసి మైనస్ ఒకటిన్నర డిగ్రీల దాకా, అంటే లోపలికి, తేవాలనుకుంటున్నాం. టో, అంటే పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగే కోణం, సున్నాకు దగ్గరగా ఉంచుతాం. నా కారులో షాక్‌లు మార్చాక మలుపు పరీక్ష ఒక్కటే మళ్లీ చేస్తాను, ఒకేసారి రెండు మార్పులు చేస్తే దేని వల్ల ఏం మారిందో తెలియదు. వెనక లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ వేయించాలా అన్నది ఆ తర్వాతి ప్రశ్న. ఎలాంట్రాలో మాత్రం ఏమీ ముట్టుకోవద్దని ముగ్గురం అనుకున్నాం. మిగతా రెండూ మారుతుంటే పోల్చుకోవడానికి ఒక కారైనా ఉన్నది ఉన్నట్టు ఉండాలి.